అల్లం, అద్రక్, జంజబీల్: ఒక వేరు తారీఖ్



చలికాలం మొదలైతే చాలు, మన ఫోన్లకి ఒక మెసేజ్ తప్పకుండా వస్తుంది. ఖురాన్‌లో పేరున్న అద్రక్ రోజూ పరగడుపున ఒక ముక్క నమిలితే కేన్సర్ రాదు, గుండెపోటు రాదు, షుగర్ మాయమవుతుంది, పది మందికి పంపి సవాబ్ కమాయించండి అని. పంపేవాళ్ల నియత్‌ని నేను శంకించను. ఖాలాజాన్‌లు, ఫూఫీజాన్‌లు మొహబ్బత్‌తోనే పంపుతారు. కానీ ఆ నాలుగు లైన్లలో ఒక నిజం ఉంది, ఒక ధోకా ఉంది. అల్లం పేరు ఖురాన్‌లో ఉన్నది నిజం. పేరుంది కాబట్టి అది ప్రతి మర్జ్‌కీ దవా అన్నది ధోకా.

ధోకా సంగతి చివర్లో మాట్లాడుకుందాం. ముందు ఆ నిజాన్ని కాస్త తవ్వి చూద్దాం. ఎందుకంటే ఖురాన్‌లోని ఆ లఫ్జ్ వెనక ఉన్న తారీఖ్ మన దక్షిణాది నేల మీద, మన జుబాన్ల మధ్య మొదలవుతుంది. తెలుగు మాట్లాడే ముసల్మాన్లుగా మనకి అది మరీ దగ్గరి సంగతి.

ఒక గల్లీ, ఎన్నో పేర్లు

మల్కాజ్‌గిరి గల్లీల్లో ఒకే వస్తువుకి ఎన్ని పేర్లున్నాయో గమనించండి. తోపుడు బండి మీద కూరగాయలు తెచ్చే ఆమెకి అది అల్లం. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో అద్రక్. కంటోన్మెంట్ కొలువులకీ రైల్వే నౌకరీలకీ వచ్చి తరాలుగా సికింద్రాబాద్‌లో ఉండిపోయిన తమిళ కుటుంబాల్లో ఇంజి. మెట్టుగూడ, లాలాగూడ వైపు ఆంగ్లో ఇండియన్ ఇళ్లలో క్రిస్మస్‌కి కాచే జింజర్ వైన్‌లో ఉండేదీ అదే. ఎండబెడితే మళ్లీ పేరు మారుతుంది. ఒక ఇంట్లో సోంఠ్, పక్కింట్లో సొంఠి, ఆ పక్కింట్లో సుక్కు. యునానీ హకీం సాబ్ చీటీ మీద రాస్తే జంజబీల్.

ఉర్దూ పేరు, తెలుగు పేరు అని నేను గీత గీయడం లేదు. గుంటూరు, ప్రకాశం పల్లెల్లోని ఎన్నో ముస్లిం ఇళ్లలో, రాయలసీమ దూదేకుల ఇళ్లలో అది పుట్టినప్పటి నుంచీ అల్లమే. వాళ్ల బిర్యానీకి రుచి తక్కువేం కాలేదు.

ఈ పేర్ల రిష్తేదారీ చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అద్రక్ అనగానే చాలామంది ఫార్సీ అనుకుంటారు. కాదు. సంస్కృతంలో ఆర్ద్రకం అంటే తడిగా ఉన్నది. ఆ తడి దుంపే అద్రక్. ప్రాకృతంలో ఆర్ద్ర అనే మాట అల్ల అయింది. మరాఠీలో అల్లాన్ని ఆలే అంటారు. మన తెలుగు అల్లం కూడా ఆ ఖాందాన్‌దే కావచ్చు. అంటే బండి దగ్గర "అల్లం ఎంత?" అని అడిగే పక్కింటి అక్కా, "అద్రక్ కైసే దియే?" అని అడిగే మన అమ్మీ ఒకే తడి మాటని రెండు గొంతులతో పలుకుతున్నారన్నమాట. సోంఠ్, సొంఠి అయితే అనుమానమే అక్కర్లేదు. రెండూ సంస్కృత శుంఠి బిడ్డలే.

జంజబీల్‌లో దాగిన వేరు

ఇక అసలు లఫ్జ్‌కి వద్దాం. ఖురాన్ 76వ సూరా అద్-దహ్ర్, దీన్నే అల్-ఇన్సాన్ అని కూడా అంటారు. అందులో జన్నత్‌లో నేక్ బందాలకి దొరికే పానీయాల ప్రస్తావన ఉంది. 5వ ఆయత్‌లో కాఫూర్ కలిసిన పానీయం, 17వ ఆయత్‌లో జంజబీల్ కలిసిన పానీయం. కాఫూర్ చల్లన, జంజబీల్ వేడి. ఒకసారి చల్లనిది, ఒకసారి వెచ్చనిది అందుతుందని ఇబ్నె కసీర్ లాంటి ముఫస్సిర్లు వివరించారు. అరబ్బులకి అల్లం ఘాటు ఉన్న పానీయం ఎంతో ఇష్టమని కూడా తఫ్సీర్లలో కనిపిస్తుంది. ఎడారిలో బతికే మనిషికి, తన దగ్గర పండని, సముద్రం దాటి వచ్చే ఆ సువాసన ఎంత గొప్ప నేమత్‌గా అనిపించి ఉంటుందో ఆలోచించండి.

మరి ఈ జంజబీల్ అనే లఫ్జ్ అరబ్బీలోకి ఎక్కడి నుంచి వచ్చింది? ఈ సవాల్ ఈనాటి ప్రొఫెసర్లు కొత్తగా వేసింది కాదు. మన ఉలమా శతాబ్దాల క్రితమే వేసుకున్నారు. ఇతర భాషల నుంచి అరబ్బీలోకి వచ్చిన మాటల మీద అల్-జవాలీఖీ ప్రత్యేకంగా ఒక కితాబ్ రాశారు. 15వ శతాబ్దపు సుయూతీ ఆయన్ని ఉటంకిస్తూ జంజబీల్ ఫార్సీ మూలం ఉన్న మాట అని నమోదు చేశారు. ఖురాన్ స్వచ్ఛమైన అరబ్బీలో దిగింది కదా, అందులో అజమీ లఫ్జ్ ఎలా ఉంటుంది అనే బహస్ అప్పుడే జరిగింది. దానికి అబూ ఉబైద్ అల్-ఖాసిం ఇబ్నె సల్లామ్ ఇచ్చిన జవాబు నాకు ఎంతో ఇష్టం. సారాంశం ఇది: ఆ మాటలు పుట్టుకతో వేరే భాషలవే, కానీ అరబ్బులు వాటిని తమ నాలుక మీద మలుచుకున్నారు, ఖురాన్ దిగే నాటికి అవి అరబ్బీ అయిపోయాయి. కాబట్టి అజమీ అన్నవాళ్లూ సచ్చే, అరబ్బీ అన్నవాళ్లూ సచ్చే.

ఫార్సీ దగ్గర ఆగకుండా ఇంకొంచెం వెనక్కి వెళ్లండి. ఇస్లాంకి ముందరి ఫార్సీలో సింగివేర్ లాంటి రూపం ఉంది. సిరియాక్ లాంటి పొరుగు భాషల్లో అది జంగబీల్‌గా మారింది. గ్రీకులో జింగిబెరిస్, లాటిన్‌లో జింగిబెర్. వీటన్నిటి వెనక మన దేశపు పాళీ మాట సింగివేర. సంస్కృత పండితులు దాన్ని శృంగవేరం చేసి, కొమ్ములా ఉంటుంది కాబట్టి ఆ పేరు అని అర్థం చెప్పుకున్నారు. కానీ భాషావేత్తలు ఇంకో అడుగు వెనక్కి వేశారు. అది ద్రావిడ భాషల నుంచి పాళీలోకి వెళ్లిన మాట అంటారు. మొదటి భాగం మన తమిళ పొరుగింటివాళ్లు ఈరోజుకీ పలికే ఇంజి. రెండో భాగం వేరు. అవును, మనం తెలుగులో చెట్టు వేరు అంటామే, ఆ వేరే. ఇంజి వేరు.

నేను ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ని. అరబ్బీ ఖాయిదా ఒక చేత్తో, పెద్ద బాలశిక్ష ఇంకో చేత్తో పట్టుకుని పెరిగాను. ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు ఖురాన్ తెరిచి ఆ ఆయత్ మళ్లీ చూసుకున్నాను. తిలావత్‌లో ఎన్నిసార్లు పలికానో ఆ మాటని! అందులో చివరి 'బీల్' అన్న శబ్దం ఒకప్పటి 'వేరు' అని తెలిశాక నాకు మనసు నిండింది.

ఎందుకు నిండిందో చెప్పాలి. "మీరు ముస్లింలు కదా, తెలుగు ఇంత బాగా మాట్లాడతారేంటి?" అనే ప్రశ్న మనలో వినని వాళ్లు ఉండరు. అడిగేవాళ్లు తారీఫ్ అనుకునే అడుగుతారు. ఇటు మన మహఫిళ్లలోనూ "మీ ఉర్దూలో తెలుగు వాసన వస్తోంది మియా" అని నవ్వేవాళ్లు ఉంటారు. రెండు వైపులా మనం మెహమాన్‌లమే అన్నట్టు. అలాంటప్పుడు అబూ ఉబైద్ మాట గుర్తు తెచ్చుకోండి. ఎక్కడ పుట్టిందన్నది ఒక సంగతి, ఎవరిదైపోయిందన్నది ఇంకో సంగతి, రెండింటికీ జగడా లేదు. మనం ఉండే ఊరి పేరే చూడండి. మల్లికార్జునగిరి అనే పేరు వాడుకలో నలిగి మల్కాజ్‌గిరి అయిందని ఇక్కడివాళ్లు చెప్తారు. ఇప్పుడు ఆ పేరు ఎవరి జుబాన్‌ది?

ఓడ ఎక్కింది సోంఠే

పేరుతో పాటు వస్తువు ఎలా ప్రయాణం చేసిందో చూద్దాం. పచ్చి అల్లం నెలల తరబడి ఓడలో నిలవ ఉండదు. మొలకెత్తుతుంది, లేదంటే కుళ్లుతుంది. కాబట్టి దూరం వెళ్లింది ఎక్కువగా ఎండినదే, అంటే సోంఠ్. పచ్చిది వెళ్లాలంటే ఉప్పులోనో తేనె పాకంలోనో ఊరాలి. 1వ శతాబ్దపు గ్రీకు హకీం డయోస్కొరిడెస్ కూడా అల్లం త్వరగా పాడవుతుందని, అందుకే జాడీల్లో ఊరబెట్టి ఇటలీకి తెస్తారని రాశాడు. కానీ అది ఎక్కడ పండుతుందో ఆయనకి సరిగ్గా తెలియదు. అరబ్బు తీరంలో, ఎర్ర సముద్రం అవతల పండుతుందనుకున్నాడు. అమ్మేవాళ్లు అరబ్బులు కదా, పండించేదీ వాళ్లే అనుకున్నారు కొనేవాళ్లు. అరబ్బు తాజిర్లు ఆ గలత్‌ఫహ్‌మీని సరిదిద్దే తొందరలో ఉన్నట్టు కనిపించదు. తిజారత్ రాజ్ తిజారత్ రాజే!

ధరలు చూస్తే ఇంకా మజా వస్తుంది. అదే శతాబ్దంలో రోమ్‌లో ప్లినీ రాసిన ధరల ప్రకారం నల్ల మిరియాలు పౌను 4 దీనారియస్‌లు, అల్లం 6. అంటే మిరియాల కంటే అల్లమే ఖరీదు. ఇప్పుడు పదిహేను వందల ఏళ్లు ముందుకొచ్చి అక్బర్ బాద్‌షా వంటింటి లెక్కలు తెరవండి. అబుల్ ఫజల్ ఐనె అక్బరీలో ఒక్కో దినుసు ధర సేరుకి ఇన్ని దామ్‌లు అని రాశాడు. 40 దామ్‌లు ఒక రూపాయి. జాఫ్రాన్ 400 దామ్‌లు, లవంగం 60, మిరియం 17. సోంఠ్ మాత్రం 4. పచ్చి అద్రక్ రెండున్నర. రోమ్‌లో మిరియాన్ని మించిన అల్లం, ఆగ్రాలో మిరియం ధరలో నాలుగో వంతుకి కూడా పూర్తిగా రాలేదు.

కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. మిరియం తీగకి మలబారు లాంటి వాన నేల కావాలి. అల్లం అలా కాదు, తడి, నీడ, నీళ్లు నిలవని నేల ఉంటే దేశంలో చాలాచోట్ల పండుతుంది. హిందుస్తాన్‌లో అది రాజుల వస్తువుగా మిగల్లేదు, గరీబు ఇంటి వస్తువు అయింది. మన ఇళ్లలో ప్రతి నానీ, దాదీ చేతికి వైద్యం దొరికిందంటే ఆ రెండున్నర దామ్‌ల చవకతనం వల్లే. జాఫ్రాన్‌తో నుస్ఖాలు రాసిన హకీంలు దర్బార్లలో ఉన్నారు. అద్రక్‌తో నుస్ఖాలు చెప్పినవాళ్లు పొయ్యి దగ్గర ఉన్నారు.

1333లో సింధు నది దాటి వచ్చిన ఇబ్నె బతూతా కూడా ఈ దేశంలో అల్లం ఎంత మామూలు వస్తువో చూశాడు. ఇక్కడివాళ్లు పచ్చి మామిడిని ఊరబెట్టినట్టే అల్లాన్నీ, పచ్చి మిరియాలనీ ఉప్పులో ఊరబెట్టి, భోజనంలో ముద్ద ముద్దకీ మధ్య నంజుకుంటారని తన సఫర్‌నామాలో చెప్పాడు. అదే మనిషి చైనా ఓడల గురించి చెప్తూ, ఖలాసీలు చెక్క తొట్లలో ఆకుకూరలతో పాటు అల్లం కూడా పెంచుకుంటారని రాశాడు. ఎండిన సరుకు కింద గోదాములో, పచ్చి మొక్క పైన తొట్టిలో.

దక్కన్‌లో దవా

మన హైదరాబాద్‌కి పునాది పడ్డ కొద్ది ఏళ్లకే, 1595 ప్రాంతంలో, ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా దారుష్షిఫా కట్టించాడు. రోగులకి ఇలాజ్, తులబాకి తిబ్బ్ తాలీమ్, రెండూ అక్కడే. ఆ మొహల్లా పేరు ఇప్పటికీ దారుష్షిఫాయే. 20వ శతాబ్దంలో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చార్మినార్ పక్కనే నిజామియా యునానీ దవాఖానా కట్టించాడు. ఇప్పటికీ ఓపీ చీటీ పట్టుకుని అక్కడ క్యూలో నిలబడేవాళ్లు మనకి తెలుసు. ఎర్రగడ్డలో యునానీ రీసెర్చ్ సంస్థ ఉంది. అంటే నాలుగు వందల ఏళ్లకి పైగా ఈ నగరంలో యునానీ తిబ్బ్ నడుస్తూనే ఉంది.

యునానీలో ప్రతి వస్తువుకీ ఒక మిజాజ్ ఉంటుంది. జంజబీల్ మిజాజ్ గరం, ఖుష్క్. అంటే వేడి చేసేది, ఆరబెట్టేది. అందుకే బల్గం పేరుకున్నప్పుడు, కడుపులో రియాహ్ చేరినప్పుడు, హాజ్మా మందగించినప్పుడు హకీంలు దాన్ని వాడారు. ఇబ్నె సీనా తన అల్-ఖానూన్‌లో మూలికల మధ్య జంజబీల్‌కి చోటిచ్చాడు. జవారిష్ జంజబీల్ అనే లేహ్యం యునానీ దుకాణాల్లో ఇప్పటికీ దొరుకుతుంది. ఆయుర్వేదం దగ్గరికి వెళ్లినా ఇదే వస్తువు, ఇదే పని. అక్కడ శుంఠికి విశ్వభేషజం అని ఇంకో పేరు. మిరియాలు, పిప్పళ్లతో కలిస్తే త్రికటు. వాళ్లు కఫం అన్నది మనవాళ్లకి బల్గం. సొంఠి లేని కషాయం లేదని తెలుగు సామెత. మీర్ ఆలం మండీలో జడీబూటీ దుకాణదారుని దగ్గర వైద్యుడి చీటీ తెచ్చినవాళ్లూ, హకీం చీటీ తెచ్చినవాళ్లూ పక్కపక్కనే నిలబడతారు. ఒకే డబ్బాలోంచి తూచి ఇద్దరికీ ఇస్తాడు.

ఆ డబ్బాలోకి వచ్చే సరుకులో మన నేల వాటా కూడా ఉంది. సంగారెడ్డి జిల్లాలో బీదర్ సరిహద్దున ఉన్న జహీరాబాద్ ప్రాంతం అల్లం సాగుకి పేరు. అటు విశాఖ మన్యంలో గిరిజన రైతులు పండిస్తారు. అల్లానికి విత్తనం ఉండదు, దుంప ముక్కే విత్తనం. తొలకరికి ముందు నాటితే కూరకి పనికొచ్చే లేత దుంప ఆరేడు నెలలకి వస్తుంది. సొంఠి చెయ్యాలంటే ఎనిమిది, తొమ్మిది నెలలు ఆగి ముదరనివ్వాలి. తవ్వి, కడిగి, పైతోలు గీకి, ఎండలో వారం పది రోజులు ఆరబెడితే నాలుగైదు కిలోల పచ్చి దుంపకి ఒక కిలో సొంఠి మిగులుతుంది. మిగతాదంతా నీరు. ఆర్ద్రకం అనే పేరు ఊరికే రాలేదు.

ఎండితే ఘాటు తగ్గాలి కదా, పెరుగుతుందేం? దీనికి కెమిస్ట్రీ జవాబు ఇచ్చింది. పచ్చి అల్లంలో ఘాటు జింజెరాల్ అనే పదార్థానిది. ఎండే క్రమంలో అది షోగవోల్‌గా మారుతుంది. షోగవోల్ ఘాటు ఇంకా ఎక్కువ. వండితే మరో రూపంలోకి, జింజెరోన్‌లోకి, మారి ఘాటు మెత్తబడి తీయటి వాసన వస్తుంది. అద్రక్ వేరు, సోంఠ్ వేరు అని రెండు పేర్లు పెట్టిన మన పెద్దవాళ్లకి ఈ మాటలు తెలియవు. కానీ దగ్గుకి ఏది, బాలింతకి ఏది, గోష్త్‌కి ఏది అని వాళ్ల నాలుకలకీ చేతులకీ తెలుసు.

బావర్చీఖానాలో

15వ శతాబ్దం చివర్లో మాళ్వా సుల్తాన్ గియాస్ షా కోసం మాండూలో నిమత్‌నామా అనే వంటల కితాబ్ తయారైంది. బొమ్మలతో సహా ఉన్న ఆ కితాబ్‌లో వంట తర్వాత వంటలో అల్లం కనిపిస్తుంది. సమోసాలో, గోష్త్‌లో, షోర్బాలో. మిరపకాయ ఇంకా మన దేశం చేరని రోజులవి. అప్పటి దస్తర్‌ఖాన్ మీద ఘాటు అంటే మిరియం, అల్లమే. మనం తినే నహారీ, యఖ్నీల్లో మిరప తక్కువగా, అల్లం ఎక్కువగా ఉండటం ఆ పాత పద్ధతి ఆనవాలేనని నాకనిపిస్తుంది.

గోష్త్‌తో అల్లానికి ఇంకో పని ఉంది. అందులో జింగిబెయిన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది మాంసాన్ని మెత్తబరుస్తుంది. కచ్చే గోష్త్ కీ బిర్యానీకి అద్రక్ లహ్సన్ పట్టించి నానబెట్టడం రుచి కోసమే కాదు, పచ్చి ముక్క బియ్యంతో పాటు సమంగా ఉడకాలి కాబట్టి. అయితే హద్దు దాటితే ముక్క పిండిలా అయిపోతుంది, ఖీమాకైతే మరీ. చాయ్‌లోనూ ఇదే ఎంజైమ్ తంటా. పచ్చి అల్లం నేరుగా పాలలో వేస్తే ఒక్కోసారి విరుగుతాయి. ముందు నీళ్లలో మరిగించి తర్వాత పాలు పోస్తే ఎంజైమ్ పని ఆగిపోతుంది. అమ్మీలు ముందు నుంచీ చేస్తున్నది అదే. అన్నట్టు, సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల మనం ఊదుకుంటూ తాగే అసలు ఇరానీ చాయ్‌లో అద్రక్ ఉండదు. డికాక్షన్ వేరు, చిక్కబడిన పాలు వేరు. అద్రక్ చాయ్ మన ఇళ్లది, రోడ్డు పక్క బండిది.

తెలుగు వంటింట్లో పెసరట్టు పక్కన అల్లం పచ్చడి, పులిహోరలో అల్లం ముక్కలు, ఉప్మాలో అల్లం తురుము. మిఠాయి దుకాణాల్లో అల్లం మురబ్బా. ఈ చివరి పేరు మీద ఒక్క క్షణం ఆగండి. మురబ్బా అరబ్బీ లఫ్జ్, పాకంలో పెట్టి నిలవ చేసినది. వేరు అనే మాట జంజబీల్‌లో కూర్చుని అరబ్బు దేశం వెళ్లింది. అరబ్బీ మాట మురబ్బా వచ్చి మన అల్లం పక్కన కూర్చుంది. తెలుగువాళ్లు ఎవరూ దాన్ని పరాయి మాట అనుకోరు.

ఇక బాధ కలిగించే సంగతి. ఈ అద్రక్ లహ్సన్ పేస్ట్ పేరు మీదే మన నగరంలో ఎంత మోసం నడుస్తోందో పేపర్లు చదివేవాళ్లకి తెలుసు. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో కల్తీ పేస్ట్ కార్ఖానాల మీద దాడుల వార్తలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. కుళ్లిన సరుకు, యాసిడ్లు, రంగులు. రెండు వేల ఏళ్లు సముద్రాలు దాటినా చెడని వస్తువుని మనం పక్క గల్లీలో చెడగొట్టుకుంటున్నాం. పొట్టు తీసే ఓపిక లేక కొన్న ప్యాకెట్‌తో పిల్లలకి వండి పెట్టడం కంటే, ఆదివారం అరగంట కూర్చుని ఇంట్లో నూరుకుని, ఉప్పు కలిపి, వారానికి సరిపడా ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మేలు. ఆ అరగంట ఆడవాళ్లదే కావాలని రూలేం లేదు. మియా సాబ్‌లు కూడా పొట్టు గీకవచ్చు, వజూ ఏం పోదు.

జచ్చా గదిలో

అల్లం తారీఖ్‌లో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఏ సఫర్‌నామాలోనూ లేని సంగతి. కాన్పు అయిన ఇల్లు. మన ఇళ్లలో జచ్చాకి అఛ్వానీ కాస్తారు. సోంఠ్, అజ్వాయిన్, గుడ్, నెయ్యి, స్తోమతని బట్టి బాదం, గోంద్. చిల్లా నలభై రోజులూ ఏదో ఒక రూపంలో సోంఠ్ ఆమెకి అందుతుంది. పక్క తెలుగింట్లో బాలింతకి మొదటి ముద్ద సొంఠి పొడి, నెయ్యి కలిపిన వేడి అన్నం. పేర్లు తీసేస్తే రెండు పళ్లేలలోనూ ఉన్నది ఒకటే.

ఈ ఇల్మ్‌ని ఎవరూ కితాబ్‌లో రాసుకోలేదు. అమ్మ నుంచి బేటీకి, అత్త నుంచి కోడలికి, మంత్రసాని నుంచి మొహల్లాకి నడిచింది. మంత్రసాని ఒక మతపు ఇళ్లకే వెళ్లేది కాదు. ఆమె ఏ గడప దాటినా సొంఠి పొట్లం కొంగున ఉండేది. ఎవరి నుస్ఖా ఎవరు తీసుకున్నారని అడిగితే జవాబు దొరకదు.

నుస్ఖా హద్దు

ఇప్పుడు మొదట్లో వాయిదా వేసిన ధోకా సంగతి.

రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లంకి ఒక రాజు జాడీ నిండా జంజబీల్ తోహఫాగా పంపాడని, ఆయన సహాబాలకి తలా ఒక ముక్క పంచారని ఒక రివాయత్ ఉంది. ఒక చోట హింద్ రాజు అని, ఇంకో చోట రూమ్ రాజు అని వస్తుంది. ఎంత ఆకర్షణీయమైన కథ అయినా ముహద్దిసులు దీన్ని జయీఫ్ అన్నారు. మన దేశం పేరుంది కదా అని సనద్ చూడకుండా పంచేయడం అమానత్ కాదు. అలాగే సూరా అద్-దహ్ర్‌లో జంజబీల్ జన్నత్ నేమత్‌గా వచ్చింది, దునియాలోని ఏ బీమారీకీ నుస్ఖాగా రాలేదు. ఆయత్‌ని సీసా మీద లేబుల్‌లా అంటించి పొడి అమ్ముకునేవాళ్లు అమ్మేది అల్లం కాదు, మన అఖీదా మీద మనకున్న భరోసా.

మరి అల్లం నిజంగా ఏం చేస్తుంది? వాంతి వచ్చినట్టుండే వికారానికి, ముఖ్యంగా గర్భిణుల వేవిళ్లకి, అల్లం కొంత ఉపశమనం ఇస్తుందని ఆధునిక పరిశోధనలూ ఒప్పుకుంటున్నాయి. అయినా గర్భిణి ఎంత తీసుకోవాలో డాక్టరమ్మని అడిగే తీసుకోవాలి. అజీర్తికి, కడుపు ఉబ్బరానికి భోజనం ముందు రెండు సన్నని ముక్కలు ఉప్పు, నిమ్మరసంతో నమలడం పాత అలవాటు, చాలామందికి పనిచేస్తుంది. జలుబు, గొంతు గరగరకి అల్లం, తులసి, మిరియాల కాఢా వెచ్చగా హాయినిస్తుంది. జలుబు తగ్గే రోజుకే తగ్గుతుంది, కాఢా ఆ రోజుల్ని కాస్త సుళువు చేస్తుంది.

చెయ్యనిదీ తెలుసుకోవాలి. కేన్సర్‌కి అల్లం ఇలాజ్ కాదు. గుండె నొప్పికి కాదు. షుగర్ మాత్ర మానేసి అల్లం రసం తాగితే నష్టం మనదే. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు రోజూ ఎక్కువ మోతాదులో తీసుకోకూడదు. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, ఛాతీలో మంట ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగాలి. ఇంకొకటి, ఇది గట్టిగా గుర్తుంచుకోండి: ఏడాది నిండని పసిపిల్లలకి అల్లం రసంలో షహద్ కలిపి నాకించకండి. తేనె షిఫాయే, కానీ అంత చిన్న పేగులకి అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి ప్రాణాంతకం కావచ్చు. చిన్నపిల్లలు దగ్గుతూ ఎగశ్వాస తీస్తుంటే కాఢా కాచే టైం కాదది, ఆటో పిలిచే టైం.

ఇలా చెప్పడం నానీ నుస్ఖాని తక్కువ చేయడం కాదు. ఆ నానీకే తన హద్దు తెలుసు. రెండు రోజుల్లో తగ్గకపోతే "దవాఖానాకి తీసుకెళ్లండి" అనే మాట కూడా ఆమె నుస్ఖాలో భాగమే. ఫోన్ మెసేజ్‌లో ఆ చివరి మాట ఉండదు. ఇంటి వైద్యానికీ, ఫార్వర్డ్ వైద్యానికీ తేడా అదే.

ఈ మొక్కకి 1807లో విలియం రాస్కో పెట్టిన శాస్త్రీయ నామం జింజిబెర్ అఫిసినాలె. రెండో మాటకి దవా దుకాణానికి చెందినది అని అర్థం. మొదటి మాటలో మన వేరు ఉంది. వేరు మనది, దుకాణం అందరిదీ.

మీతో ఒక దర్ఖాస్త్. మీ ఇంట్లో నానీ, దాదీ, అమ్మమ్మ, జేజి ఎవరున్నా, వాళ్ల పక్కన కూర్చుని సోంఠ్ నుస్ఖాలు ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఉర్దూలోనో తెలుగులోనో మీకు వచ్చిన లిపిలో రాయండి. చిటికెడా, చెంచానా అని అడిగి మోతాదు రాయండి. ఎవరికి ఇవ్వకూడదో కూడా అడిగి రాయండి. చాలామంది ఇళ్లలో ఆ ఇల్మ్ ఇంకా ఒక్క మనిషి దగ్గరే ఉంది. ఆమె ఉండగానే అడగాలి.

ఖుదా హాఫిజ్.